మాడ్యూల్ 16: నన్ను ఒకసారి ఫెయిల్ చేసిన మాగ్నెటో

ఏఎంఈ (విమాన నిర్వహణ ఇంజినీర్) లైసెన్సు పరీక్షల్లో పిస్టన్ ఇంజిన్ మాడ్యూల్ ఫలితం మొన్ననే వచ్చింది, రెండో ప్రయత్నంలో గట్టెక్కాను. మొదటిసారి 71 శాతం దగ్గర ఆగిపోయాను. పాసవడానికి కావలసింది 75. హన్మకొండలోని మా ఇంటికి మామునూరు పాత రన్‌వే దగ్గరే అయినా, విమానం ఇంజిన్‌ను నేను చేత్తో ముట్టుకున్నది హైదరాబాద్ వెళ్లాకే. అంతవరకు ప్రశ్నల బ్యాంకును వల్లె వేయడమే చదువనుకున్నాను.

ఆ తర్వాతి శిక్షణలో ఒక సెస్నా 172 విమానం ఇంజిన్‌ను నేలపై నడిపి చూసే రన్‌అప్‌లో, 1700 ఆర్‌పీఎం వద్ద, ప్లగ్‌లకు స్పార్క్ ఇచ్చే రెండు మాగ్నెటోల్లో ఎడమదొక్కదానిపై నడిపితే డ్రాప్ (వేగంలో తగ్గుదల) 150 వచ్చింది. పరిమితి 125. నేను వెంటనే ప్లగ్‌లు మార్చాలన్నాను. "ఇంజిన్ వణికిందా?" అని మా సీనియర్ సార్ అడిగారు. వణకలేదు. ప్లగ్ చెడితే ఇంజిన్ గరగరలాడుతుంది, డ్రాప్ ఎక్కువైనా నడక నున్నగా ఉంటే ముందుగా టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) ఆలస్యాన్ని అనుమానించాలన్న సంగతి నాకు అప్పుడే తలకెక్కింది.

ప్రతి సిలిండర్ నుంచి పై ప్లగ్ తీసి, మిగిలిన ప్లగ్ లీడ్లు విడదీసి, మాగ్నెటోలో స్పార్క్ పుట్టించే పాయింట్లు (విద్యుత్ స్పర్శలు) తెరుచుకున్నాయో లేదో చూపే టైమింగ్ లైట్‌ను మాగ్నెటో నుంచి స్విచ్‌కు వెళ్లే పీ-లీడ్ తీగ‌కు కలిపి, స్విచ్‌ను రెండు మాగ్నెటోలూ పనిచేసే బోత్‌లో పెట్టాను. ఒకటో సిలిండర్ కంప్రెషన్ స్ట్రోక్‌లో ప్రొపెల్లర్‌ను ముందుకు తిప్పుతూ స్పార్క్ పడాల్సిన 25 డిగ్రీల గుర్తు దాటినా లైట్ మారలేదు. పిస్టన్ చివరికంటా చేరే టీడీసీ దగ్గర 'టక్' అన్నాకే మారింది. టైమింగ్ 25 డిగ్రీలు ఆలస్యమని ప్రకటించాను, సార్ నవ్వారు. ఆ శబ్దం ఇంపల్స్ కప్లింగ్ (స్టార్టింగ్‌లో స్పార్క్‌ను ఆలస్యం చేసే స్ప్రింగ్ బిగింపు) విడిపడినది. నెమ్మదిగా తిప్పితే అది మాగ్నెటోను పట్టి ఆపుతుంది కనుక, 'టక్' విన్నాక ప్రొపెల్లర్‌ను గుర్తుకు కొద్దిగా వెనక్కి మాత్రమే తీసుకెళ్లి, గేర్ల వదులు పోయేలా మళ్లీ ముందుకు తేవాలి. అలా చూస్తే ఆలస్యం నాలుగు డిగ్రీలే.

మాగ్నెటో విప్పితే పాయింట్లను తెరిచే క్యామ్ ఫాలోయర్ అరిగి ఉంది. ఫాలోయర్ అరిగితే పాయింట్లు ఆలస్యంగా తెరుచుకుంటాయి. పాయింట్ల కొనలే కాలి అరిగితే ముందుగా తెరుచుకుంటాయి. మొదటి పరీక్షలో ఈ రెంటినీ కలిపేసి మార్కులు పోగొట్టుకున్నాను. ప్రశ్న మెలికగా ఉందని అప్పట్లో ఇంట్లో వాదించాను కూడా, కొంత నిజం లేకపోలేదు. మాగ్నెటోను ఇంజిన్‌పైనే తిప్పి టైమింగ్ కలిపేయవచ్చు కదా అని మీకూ అనిపిస్తుంది. లోపల ఈ-గ్యాప్ (స్పార్క్ బలంగా రావడానికి పాయింట్లు తెరుచుకోవాల్సిన అయస్కాంత స్థానం) తప్పి ఉంటే స్పార్క్ బలహీనంగానే మిగులుతుంది. అందుకే బెంచీపై పాయింట్లు సరిచేసి, తర్వాతే ఇంజిన్‌కు బిగించాము. మళ్లీ రన్‌అప్‌లో ఎడమ డ్రాప్ 80 చూపింది.