జల్లెడలో మిగిలింది

బుధవారం. ముసురు.

శిలాజ క్షీరదాల పళ్లు ఏరడానికి మట్టి నానబెట్టాం. పొద్దున చూస్తే మూడు టబ్బుల్లో రెండు బాగా నానాయి. మూడోదాంట్లో మట్టి ఇంకా గడ్డలుగానే ఉంది. బస్తా పూర్తిగా ఎండకముందే నీళ్లు పోసినట్టున్నారు. ఈ బంకరాయి ఒంట్లో చెమ్మ లేకుండా ఎండితేనే నీళ్లు లోపలికి లాక్కుని దానంతట అదే విచ్చుకుంటుంది. లోపల తడి మిగిలితే వారం నానినా గడ్డ గడ్డే. అలాగని చేత్తో నలపకూడదు, గడ్డతోపాటు పన్నూ నలుగుతుంది. మొత్తం తీసి ట్రేల్లో పల్చగా పరిచాం. ఎండాక ఒక పూట కిరోసిన్‌లో ఉంచి, అది వంపేసి, వేడినీళ్లు పోయాలి. ఆ పని వరండాలోనే. హీటరున్న గదిలోకి కిరోసిన్ డబ్బా రానివ్వం.

మట్టి వికారాబాద్ దగ్గర నస్కల్‌ది. రెండు లావా ప్రవాహాల మధ్య చిక్కుకుపోయిన పాత నీటిమడుగు అడుగు అనుకోవచ్చు. వయసు సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్లు. ఇక్కడి పళ్లకే 1988లో జి.వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని డెక్కనోలెస్టెస్ హిస్లోపి అని పేరు పెట్టారు. మన దేశంలో క్రిటేషస్ (డైనోసార్ల చివరి యుగం) కాలపు క్షీరదం బయటపడడం అదే మొదలు. చుంచెలుకంత జంతువు. దాని దవడపన్ను ఆవగింజంత. మ్యూజియంలో శిలాజ క్షీరదాల పని అనగానే అందరికీ ఏనుగు దంతాలు కళ్లముందు మెదులుతాయి. ఇక్కడ మాత్రం రోజంతా ఆవగింజలే.

నానిన రెండు టబ్బులూ మధ్యాహ్నానికి జల్లెడ దాటాయి. పైన పెద్ద కళ్ల జల్లెడ, కింద అర మిల్లీమీటరుది. ధారగా నీళ్లు కొట్టకూడదు. జల్లెడను టబ్బులోనే ముంచి, నెమ్మదిగా పైకీ కిందికీ ఆడించాలి. 20 కిలోల బస్తాకు చివరికి మిగిలేది రెండు పిడికిళ్లు. నీడన ఆరబెట్టి, మళ్లీ పొడి జల్లెడతో సైజుల వారీగా వేరు చేయాలి. ఈ మెట్టు దండగని చాలామంది వదిలేస్తారు. పెద్ద రేణువూ చిన్న రేణువూ కలిసి ఉంటే మైక్రోస్కోప్ ఫోకస్ మాటిమాటికీ మార్చుకోవాలి, కన్ను అలిసిపోతుంది, అలిసిన కన్ను పన్నును దాటేస్తుంది.

ఏరడం మాత్రం తొందరపడితే కుదరదు. గళ్లు గీసిన నల్ల ట్రేలో ఒక్క రేణువు మందంగా పరిచి, పది రెట్ల కింద వరసగా చూసుకుంటూ పోవాలి. అయ్యాక ట్రేను పక్కకు తిప్పి మళ్లీ మొదటినుంచి. వెలుగు వేరే వైపు నుంచి పడగానే ఇందాక కనబడని మెరుపు ఒకటి కనబడుతుంది. మెరిసిందల్లా పన్ను కాదనుకోండి. కొత్తవాళ్లను మోసం చేసేవి గార్ చేప పొలుసులు, వాటి మీది పూతా పింగాణీలాగే నిగనిగలాడుతుంది. మొసలి పన్నైతే ఒంటి మొన, వేరు చీలదు. రెండు వేర్లు, మూడు నాలుగు మొనలు, వెనక చిన్న గిన్నెలాంటి గుంట ఉంటే చెయ్యి ఆపాలి. ఎముక ముక్కల్నీ పారేయకూడదు. డెక్కనోలెస్టెస్ చెట్లెక్కేదన్న వాదన 1994లో వచ్చింది పళ్లను బట్టి కాదు, నస్కల్‌లోనే దొరికిన చీలమండ ఎముకలను బట్టి.

నాలుగు గంటలకు ట్రే చివరి వరసలో ఒకటి దొరికింది. కింది దవడపన్ను, ముందు సగం నిండుగా, వెనక గుంట అంచు విరిగి. పట్టకారుతో తీయాలని చూస్తే చిటికెలో ఎగిరిపోతుంది, గదంతా వెతికినా దొరకదు. సన్నటి కుంచె కొన తడిపి తాకిస్తే అదే అంటుకుని వస్తుంది. పక్కన వెంట్రుకంత బీట ఉంది. అసిటోన్‌లో 5 శాతం పారలాయిడ్ బి-72 అనే జిగురు ఒక్క బొట్టు వేస్తే సరిపోయేది. ఈ వానలో వేయలేదు. అసిటోన్ చల్లబడుతూ ఆవిరవుతుంది, గాలిలోని చెమ్మ దాని మీద చేరి తెల్లటి మసక కడుతుంది. పైగా పూత పడ్డాక నమలడం వల్ల ఏర్పడ్డ గీతలు సరిగా కనబడవు. ముందు ఫొటోలు, తర్వాతే జిగురు.

నిలబెట్టడం గుండుసూది తల మీద, వేరు వైపు. మైనంతో పెడితే ఏప్రిల్‌కు కరుగుతుంది, పన్ను సీసా అడుగున పడి ఉంటుంది. ఆడుకునే బంకమట్టైతే నూనె ఊరి మరక పడుతుంది. కొలతలు రేపు. పొడవు ఒకటి, వెడల్పు ముందు సగానికీ వెనక సగానికీ వేరువేరుగా. పన్ను కొద్దిగా వాలినా అంకె మారుతుంది, అందుకే మూడు సార్లు, వీలైతే మూడు వేర్వేరు రోజుల్లో.

చీటీ మాత్రం ఈ రోజే పూర్తి చేశాను: చోటు, పొర, బస్తా నంబరు, జల్లెడ కన్ను, ఏరిన తేదీ. పెన్సిల్‌తోనే, బాల్‌పెన్ను వెలిసిపోతుంది. చీటీ లేని పన్ను ఎంత అందంగా ఉన్నా ఏ పొరదో చెప్పలేని రాయి ముక్కే. పాత సొరుగుల్లో అలాంటివి ఎన్నో పడి ఉంటాయి, చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. పక్క బీరువాలోని పళ్లతో పోల్చకుండా కొత్త పేరు పెట్టడమూ ప్రమాదమే. 2007లో ఒకే జంతువుకు రెండు బృందాలు భారత్‌థీరియం అనీ, దక్షిణ అనీ రెండు పేర్లు పెట్టాయి. ముందు అచ్చయిన భారత్‌థీరియం నిలిచింది.

సాయంత్రం ఒక డిగ్రీ విద్యార్థి ఉత్తరానికి జవాబు రాశాను. ఈ వృత్తికి జియాలజీ మేలా, జువాలజీ మేలా అని అడిగాడు. జియాలజీ వాళ్లకు పొర తెలుస్తుంది, పన్ను తెలియదు. జువాలజీ వాళ్లకు అటుదిటు. ఎటు నుంచి వచ్చినా రెండోది నేర్చుకోక తప్పదు. జియాలజీ ఎమ్మెస్సీ అయితే యూపీఎస్సీ పరీక్షతో జీఎస్ఐకి (జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా) దారి ఉంది, కానీ అక్కడ చేరిన ప్రతివాళ్లకూ శిలాజాల పని రాదు. ఈలోగా గుడ్లగూబ ఉమ్మిన ఉండలు ఏరి, నీళ్లలో నానబెట్టి, అందులోని ఎలుక, చుంచు దవడలు విడదీసి, ఒక్కో పన్నూ బొమ్మ గీయమన్నాను. ఇరవై గీసేసరికి ఎడమ ఏదో కుడి ఏదో తెలిసిపోతుంది.

వెళ్లేముందు మూడో టబ్బు మట్టి తాకి చూశాను. ఇంకా చల్లగానే ఉంది. రేపూ ఆరేలా లేదు.