టాలమీ లెక్కలతో మన తీరం: మూడో షీటు

మూడో షీటు మీద ఇంకు నిన్న రాత్రికి ఆరింది. క్రీ.శ. 150 ప్రాంతంలో గ్రీకు భూగోళవేత్త టాలమీ ఊళ్లకు, రేవులకు రాసిపెట్టిన అక్షాంశ రేఖాంశాల అంకెల నుంచి మన తూర్పు తీరాన్ని గీయాలన్న పని ఇప్పటికి ఒక రూపానికి వచ్చింది.

మొదటి షీటులో నిలువు, అడ్డ గీతలతో మామూలు గడులు వేశాను. ఏ3 కాగితం అడ్డంగా పెట్టి, అక్షాంశం డిగ్రీకి 10 మిల్లీమీటర్లు, రేఖాంశం డిగ్రీకి 9.4 తీసుకున్నాను. 20 డిగ్రీల అక్షాంశం దగ్గర ఉండే నిష్పత్తి అది. ఇబ్బందంతా భిన్నాలతోనే వచ్చింది. గ్రీకులో 50 నిమిషాలని (డిగ్రీకి 60 నిమిషాలు) ఉండదు, సగం పక్కన మూడో వంతు రాస్తారు. రెండూ కలుపుకోవాలి. నేను సగంతో ఆగిపోయిన చోటల్లా చుక్క 3 మిల్లీమీటర్లు కిందకి జారింది. అన్నీ చెరిపి మళ్లీ పెట్టాను.

అప్పుడు కనిపించింది అసలు విషయం. కన్యాకుమారి (ఆయన కోమరియా) 13½ డిగ్రీల దగ్గర పడితే, మన కృష్ణా డెల్టా వైపు మైసోలియా రేవులు దాదాపు 11 డిగ్రీల దగ్గర పడ్డాయి. అంటే కన్యాకుమారి కంటే దక్షిణాన! మూడుసార్లు చూసుకున్నాను, పొరపాటు నాది కాదు. ఆయన లెక్కలో మన ద్వీపకల్పం అణిగిపోయి, తీరం దాదాపు తూర్పుకే సాగుతుంది.

రెండో షీటులో మనసొప్పక రేవుల్ని పైకి జరిపాను. చూడ్డానికి బాగుంది కానీ అది టాలమీది కాదు, పక్కన పెట్టేశాను. 1482లో జర్మనీలోని ఉల్మ్‌లో అచ్చయిన టాలమీ పటాలు చూశాక ధైర్యం వచ్చింది. వాటి వెనకున్న నికోలస్ జర్మానస్ పాత పటాలను పాత అంకెలతోనే గీసి, కొత్తగా తెలిసిన వాటికి వేరే 5 పటాలు చేర్చాడు. ఆ నిజాయితీ నాకు చాలా నచ్చింది.

మూడో షీటుకు నికోలస్ వాడిన ట్రెపీజియం గడులే, అంటే పైకి పోయేకొద్దీ ఇరుకయ్యేవే, వేశాను. అడుగున, అంటే భూమధ్యరేఖ మీద, 36 డిగ్రీల రేఖాంశానికి 36 సెంటీమీటర్లు; పైన 25 డిగ్రీల అక్షాంశం దగ్గర 32.6. రెండు అంచులూ చెరో 1.7 సెంటీమీటర్లు లోపలికి వాలతాయి. ముందు వాటర్‌ప్రూఫ్ ఇంకు, తర్వాతే సముద్రానికి ఉల్మ్ పటాల్లోలా ముదురు నీలం. కాగితాన్ని తడిపి, అంచులు టేపుతో బోర్డుకు అంటించి ఆరనిచ్చాకే రంగు వేస్తే ముడతలు పడలేదు.

ఆ మైసోలియా రేవుల్లో ఒకటైన కొంటకోస్సిలా పేరు రాస్తుంటే చెయ్యి వణికింది. చాలామంది పండితులు దాన్ని మన కృష్ణా జిల్లా ఘంటసాల ఊరిగా గుర్తించారు. ఆ తీరానే కాస్త తూర్పున, ఓడలు ఒడ్డు వదిలి స్వర్ణభూమి వైపు నడిసముద్రంలోకి మళ్లే చోటుకు కూడా టాలమీ ఒక చుక్క ఇచ్చాడు.

తర్వాత శ్రీలంక. ఆయన దాన్ని ఎంత పెద్దది చేశాడంటే భూమధ్యరేఖ దాటి మరో రెండున్నర డిగ్రీలు కిందకి పోతుంది. నా షీటు రేఖ దగ్గరే అయిపోయింది. ఈ ఆదివారం అడుగున 3 సెంటీమీటర్ల పట్టీ అతికించాలి.