అర సైజు పాప, ముప్పావు సైజు వయొలిన్

గురువారం, రాత్రి

సాయంత్రం క్లాసుకి పాప కొత్త వయొలిన్‌తో వచ్చింది. ఇన్నాళ్లూ క్లాసులో ఉన్నదాని మీదే నేర్చుకుంది కాబట్టి, సొంతది వచ్చిందన్న సంబరం మొహంలో దాగడం లేదు. పెట్టె జిప్పు తీసి, పైన కప్పిన గుడ్డ మెల్లగా తొలగించి, రెండు చేతులతో ఎత్తి నాకు అందించింది. చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయింది, అది ముప్పావు సైజు. తనకు సరిపోయేది అర సైజు.

"ఎదిగే పిల్ల కదండీ మేడం, రెండేళ్లు పనికొస్తుందని కాస్త పెద్దదే తీసుకున్నాం" అన్నారు వాళ్ల నాన్నగారు. పిల్లలకు బట్టలు వదులుగా కుట్టించినట్టే ఆలోచించారు. అందులో తప్పు పట్టడానికేం లేదు, డబ్బు వృథా కాకూడదనే కదా ఎవరైనా చూసేది. కానీ వయొలిన్ దగ్గర ఆ పద్ధతి కుదరదు.

ఆయన ఎదురుగానే కొలిచి చూపించాను. వయొలిన్ గడ్డం కింద పెట్టుకుని ఎడమ చెయ్యి ముందుకు చాపమన్నాను. సరైన సైజైతే మోచెయ్యి కొద్దిగా వంగి ఉండగానే, చివర చుట్టలా చెక్కిన తల అరచేతిలోకి వచ్చేయాలి. పాపకి వేళ్ల కొసలు మాత్రమే తగిలాయి, అదీ చెయ్యి పూర్తిగా చాపితే. తర్వాత పోయిన వారం పాఠం వాయించమన్నాను. చిటికెన వేలు దాని చోటుకి చేరడం లేదు. ఎలాగైనా చేర్చాలని మణికట్టు లోపలికి వంచేసింది, భుజం పైకి లేచింది, తల ఒక పక్కకి ఒరిగిపోయింది. కాసేపు అలాగే తంటాలు పడి, కమాను దించేసి "నాకు రావట్లేదు మేడం" అంది.

ఆ మాట ఇంకా మనసులోనే తిరుగుతోంది. పోయిన వారం అదే పాఠం శుభ్రంగా వాయించిన పిల్ల! పిల్లలు వాద్యాన్ని అనుమానించరు, తమనే అనుమానించుకుంటారు. అందుకే కొనాలా, అద్దెకు తీసుకోవాలా అని ఎవరడిగినా నాకు డబ్బు లెక్క కన్నా ముందు ఇదే గుర్తొస్తుంది.

సైజు సంగతి ఒక్కటే అయితే కొన్నాళ్లు దాచుకోమని చెప్పి ఊరుకునేదాన్ని. కానీ తీగలు మరీ ఎత్తులో ఉన్నాయి. పూర్తి సైజు వయొలిన్‌లో వేళ్లతో తీగలు నొక్కే ఫింగర్ బోర్డు చివర కొలిస్తే సన్న తీగ కింద దాదాపు 3.5 మిల్లీమీటర్లు, లావు తీగ కింద 5.5 మిల్లీమీటర్లు ఉండాలి, చిన్న సైజులకి ఇంకా తక్కువే. దీంట్లో సన్న తీగ కిందే అంతకు రెట్టింపు సందు కనిపించింది. తీగల్ని పైకెత్తి పట్టే బ్రిడ్జిని ఫ్యాక్టరీలో కోసింది కోసినట్టే నిలబెట్టేశారు. ఆ మేపుల్ చెక్క ముక్కని ఎవరూ అతికించరు, తీగల ఒత్తిడికే నిలబడుతుంది. దాని కాళ్లు పైపలక వంపుకి సరిగ్గా ఆనేలా, పై అంచు తీగల ఎత్తుకి తగ్గట్టు, ప్రతి వయొలిన్‌కీ విడిగా చెక్కాలి. లోపల సౌండ్ పోస్ట్ అని ఒక చిన్న స్ప్రూస్ చెక్క పుల్ల ఉంటుంది, అదీ జిగురు లేకుండా రెండు పలకల మధ్య బిగుతుకే నిలుస్తుంది. రవ్వంత పక్కకి జరిగినా శబ్దం మారిపోతుంది. ఇక తీగల్ని బిగించే బిరడాలైతే క్లాసు జరిగినంతసేపూ జారుతూనే ఉన్నాయి. శ్రుతి చేసి చేతికిస్తే, పాఠం సగంలోనే దిగిపోతోంది. ఇవన్నీ సరిచేయడాన్నే సెటప్ అంటారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి మెరిసే వార్నిష్ కన్నా, కంపెనీ పేరు కన్నా ఈ సెటప్ ముఖ్యం. అది బాగుందో లేదో తెలుసుకునే వయసూ అనుభవమూ వాళ్లకి ఉండవు.

అద్దె వైపు నేను మొగ్గడానికి అసలు కారణం కూడా ఇదే. అమ్మిన మనిషికి అమ్మడంతో పని అయిపోతుంది. అద్దెకి ఇచ్చేవాళ్లకి అలా కాదు, ఆ వయొలిన్ మళ్లీ వాళ్ల దగ్గరికే వస్తుంది, మళ్లీ ఇంకో పిల్లకి ఇవ్వాలి. సెటప్ పాడైతే బాగుచేసుకోవాల్సిందీ వాళ్లే. కాబట్టి పనితనం తెలిసిన మనిషి ఉన్న చోట తీసుకుంటే, గీతలు పడ్డ పాత అద్దె వయొలిన్ కూడా కొత్తగా మెరిసే చౌకరకం కన్నా హాయిగా పలుకుతుంది. పిల్ల ఎదిగితే ఇది ఇచ్చేసి పై సైజు తెచ్చుకోవచ్చు. ఆరేడేళ్లకి మొదలుపెట్టిన పిల్ల పూర్తి సైజుకి వచ్చేలోపు రెండు మూడు సైజులు దాటుతుంది. అద్దె ఎక్కువా, కొనడం ఎక్కువా అని లెక్క వేసేవాళ్లు ఒక్క వయొలిన్ ధరతోనే పోల్చి చూస్తారు. పోల్చాల్సింది ఆ సైజులన్నిటి ధరతో.

ఇదంతా చెప్తే ఆయన ఓపిగ్గా విని, "సొంతదైతే జాగ్రత్తగా చూసుకుంటుంది కదండీ, అద్దెదంటే పట్టించుకోదేమో" అన్నారు. కొట్టిపారేయాల్సిన మాట కాదు. కానీ నేను చూసినంతలో, పిల్లలకి తమ చేతిలో బాగా పలికిన దాని మీదే మమకారం. వాయించాక తీగల కింద రాలిన, కమానుకి రాసే రోజిన్ పొడి తుడవడం, కమాను వదులు చేసి పెట్టడం నేర్పిస్తే ఎవరిదైనా ఒకేలా చూసుకుంటారు.

అయితే అద్దె కాగితం మీద కళ్లు మూసుకుని సంతకం పెట్టకూడదు. కనీసం ఎన్ని నెలలు ఉంచుకోవాలి, డిపాజిట్ ఎప్పుడు తిరిగిస్తారు, విరిగినా పోయినా ఎవరు భరించాలి, సైజు మార్చుకుంటే మళ్లీ ఏమైనా కట్టాలా అని ముందే అడగాలి. చాలాచోట్ల తెగిన తీగలు, అరిగిన కమాను వెంట్రుకలు మన ఖర్చే. కట్టిన అద్దెలో కొంత కొనుగోలు కింద జమ చేస్తామంటే సంతోషమే, కానీ ఆ జమ చిన్న సైజు మీదే వాడుకోవాలా, పెద్దదానికి మారినా చెల్లుతుందా అన్నది కాగితం మీద రాసి ఉండాలి. నోటి మాట సరిపోదు.

రాత్రి ఇంకో శిష్యుడు ఫోన్ చేశారు. ఆయన 40 దాటాక నేర్చుకోవడం మొదలుపెట్టారు, పూర్తి సైజు అద్దెకి తీసుకున్నారు. ఇప్పుడు కొనేయమంటారా అని అడిగారు. "కొనేయండి" అన్నాను వెంటనే. సైజు మారే బాధ లేదు, సాధన మానేసే మనిషి కాదని నాకు తెలుసు, ఇక అద్దె కట్టుకుంటూ పోవడంలో అర్థం లేదు. కట్టిన అద్దె జమ అవుతుంది కదా అని ఆ దుకాణంలో ఉన్నదానితోనే సరిపెట్టుకోవద్దని, ఒకటికి నాలుగు చూడమని చెప్పాను. అన్నిటినీ ఒకే కమానుతో వాయించాలి. ఇంకొకరి చేత వాయించి దూరం నుంచి కూడా వినాలి, చెవి పక్కన వినిపించేది వేరు, గది అవతలికి చేరేది వేరు. వాడినదైనా భయం లేదు. అంచుల దగ్గర అతుకు ఊడితే అది చిన్న మరమ్మతు, అవసరమైతే విప్పేందుకు వీలుగానే సరేసు లాంటి జిగురుతో అతికిస్తారు. సౌండ్ పోస్ట్ ఉన్న చోట పలకకి చీలిక ఉంటే మాత్రం వదిలేయాలి.

వయొలిన్ లాంటిదే కానీ చాలా పెద్దదైన చెల్లో నేర్చుకునే పిల్లలకైతే నేను ఇంత ఆలోచించను, అద్దెకే పొమ్మంటాను. ధరా ఎక్కువ, ఇంట్లో చోటూ కావాలి.

పాప వాళ్ల నాన్నగారికి ఇప్పుడే మెసేజ్ పెట్టాను. ఆ ముప్పావుది అమ్మొద్దు, సగం ధర కూడా రాదు. పనితెలిసిన వాళ్ల చేత బ్రిడ్జి చెక్కించి, బిరడాలు సరిచేయించి దాచుకుంటే, చెయ్యి ఎదిగాక పాపకి అదే పనికొస్తుంది. దాచేటప్పుడు తీగలన్నీ ఒకేసారి విప్పేయొద్దని ప్రత్యేకంగా రాశాను, విప్పితే బ్రిడ్జీ సౌండ్ పోస్టూ పడిపోవచ్చు. ఈలోగా అర సైజు అద్దెకి, కనీస గడువు తక్కువ ఉన్న చోట వెతకమన్నాను. అది దొరికేదాకా క్లాసులోని వయొలిన్‌ని పాప ఇంటికి తీసుకెళ్లొచ్చు. సోమవారం వాళ్లు వచ్చేలోపు దాని సన్న తీగ మార్చి ఉంచాలి.