లొకేషన్ ఆపితే ఛార్జింగ్ మిగులుతుందా? చెరువు గట్ల మీద నా అనుభవం

రొయ్యల మేత అమ్మే ఒక సంస్థలో టెక్నీషియన్‌గా భీమవరం, కాళ్ళ, మొగల్తూరు మండలాల చెరువుల వెంట తిరగడం నా ఉద్యోగం. రోజుకు ఎనిమిది, పది చెరువుల దగ్గర ఆగి, చెక్ ట్రే (మేత ఎంత తింటున్నాయో చూడటానికి నీటిలో దించి ఉంచే పళ్ళెం) పైకి లాగి మేత ఎంత మిగిలిందో, రొయ్య పేగు నిండుగా ఉందో లేదో చూసి, గట్టు మీద నిలబడి సంస్థవారి యాప్‌లో లొకేషన్‌తో సహా ఫోటో పెట్టాలి. ఫోటో మీద అక్షాంశ రేఖాంశాలు పడకపోతే ఆ చెరువుకు నేను వెళ్ళనట్టే లెక్క. కిందటి వేసవిలో, తెల్లవారి 100 శాతంతో బయలుదేరిన ఫోన్ మధ్యాహ్నం రెండు గంటలకే చచ్చిపోవడం మొదలయింది. ఫోన్ రిపేరు కుర్రాడు బ్యాటరీ మార్చమన్నాడు. ఉప్పుటేరు వారన చెరువులున్న రాజుగారైతే, ‘ఆ లొకేషన్ కట్టేసుకో బాబూ, ఛార్జింగంతా అదే తాగేస్తోంది’ అన్నారు. ఖర్చులేని సలహా కాబట్టి ముందు దానినే పాటించాను.

దారిలో లొకేషన్ ఆపి ఉంచడం, చెరువు దగ్గరికి వెళ్ళాక మళ్ళీ వేయడం నాలుగు రోజులు చేశాను. ఛార్జింగ్ మిగలలేదు సరికదా, చెరువుల దగ్గర ఆలస్యం మొదలయింది. ఎండకు వీపు పెట్టి, తువ్వాలుతో తెరకు నీడ పట్టి, వెలుతురు పూర్తిగా పెంచి చూస్తుంటే మ్యాపులో నీలిచుక్క చుట్టూ ఉన్న వలయం ఎంతకీ చిన్నదయ్యేది కాదు. ఒకసారి ఆ చుక్క నన్ను ఉప్పుటేరు దాటించి కృష్ణా జిల్లాలో నిలబెట్టింది. యాప్ నన్ను నమ్మలేదు.

కారణం వెతికితే తెలిసిన సంగతి ఇది. ఫోన్ ఉపగ్రహాలకు ఏమీ పంపదు, రేడియోలాగా వింటుంది. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలలో కనీసం నాలుగింటిని వింటే తప్ప తానెక్కడుందో సరిగ్గా లెక్కకట్టలేదు. ఏ ఉపగ్రహం ఏ దారిన పోతున్నదో చెప్పే సమాచారం పైనుంచి సెకనుకు 50 బిట్ల చొప్పున మాత్రమే దిగుతుంది కనుక, దానిని ఆకాశం నుంచే వినవలసి వస్తే ఒక్కొక్క విడతకు 30 సెకన్లు పడుతుంది, మధ్యలో సిగ్నల్ తెగితే మళ్ళీ మొదటికే వస్తుంది. మామూలుగా ఫోన్ ఆ సమాచారాన్ని ఇంటర్నెట్ ద్వారా క్షణంలో తెచ్చుకుంటుంది. మా గట్ల మీద నెట్ అందదు. కొన్ని గంటలు వినకుండా ఉంటే పాత సమాచారం పనికిరాకుండా పోతుంది కాబట్టి, నేను ఎక్కువసేపు ఆపి వేసినప్పుడల్లా ఆ తతంగమంతా మొదలయ్యేది, అంతసేపూ నిండు వెలుతురుతో తెర మండుతూనే ఉండేది.

దాంతో లొకేషన్ ఒక్కటే ఎంత తింటుందో చూడాలనుకున్నాను. ఒక రాత్రి పది నుంచి ఆరు వరకు దానిని ఆపి ఫోన్‌ను బల్ల మీద ఉంచాను, మరుసటి రాత్రి అదే సమయంలో వేసి ఉంచాను. రెండు రాత్రులకూ తేడా ఒక్క శాతం. ఆ రెండు రాత్రులూ సంస్థ యాప్‌ను పూర్తిగా మూసేసి పడుకున్నాను. ఆ మాట ఎందుకు ముఖ్యమో అప్పటికి నాకు తెలియదు.

పని రోజున బ్యాటరీ వినియోగం పేజీ తెరిచి చూస్తే తెర తరువాతి స్థానం ఆ యాప్‌దే. దానికి నేనే, ఉద్యోగంలో చేరిన రోజున, చదవకుండా ‘ఎల్లప్పుడూ అనుమతించు’ అని నొక్కి ఉన్నాను. ఆండ్రాయిడ్‌లో 2017 నాటి 8వ వెర్షన్ నుంచి, వెనుక నడిచే యాప్‌లకు గంటకు కొన్నిసార్లే లొకేషన్ అందేలా కట్టడి ఉంది. అయితే పైన నోటిఫికేషన్ చూపిస్తూ నడిచే యాప్‌కు ఆ కట్టడి వర్తించదు. రోజూ నా తెర పైభాగాన కూర్చుని ఉండే, నేను రోజూ పక్కకు తోసేయబోయినా కదలని ఆ చిన్న బాణం గుర్తు అదేనన్నమాట! గట్టు మీద ఫోటో తీసే రెండు నిమిషాలే కాక, బండి మీద పోతున్నంతసేపూ, భోజనానికి ఆగినంతసేపూ అది నా చోటు అడుగుతూనే ఉంది. 2019లో వచ్చిన 10వ వెర్షన్ నుంచి ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ అనే మధ్యేమార్గం ఉన్నా నేను ఏనాడూ దాని జోలికి పోలేదు.

మార్చేద్దామంటే అంత తేలికగా కుదరలేదు. మా సూపర్‌వైజర్ గారు, ‘మీ పెట్రోలు డబ్బులకు కిలోమీటర్లు అందులోంచే తీస్తామండి’ అన్నారు. అంటే నా బ్యాటరీ నా పెట్రోలు లెక్క రాసుకుంటోంది. ఉదయం, సాయంత్రం బండి మీటరు ఫోటో తీసి పంపుతానని, పది రోజులు రెండు లెక్కలూ పోల్చి చూడమని అడిగాను. యాప్ లెక్కలో సిగ్నల్ లేని చోట్ల దారి తెగిపోయి నాకే కిలోమీటర్లు తగ్గుతున్నట్టు ఆ పోలికలో బయటపడింది. ఆ తరువాత అనుమతి మార్చుకోవడానికి ఆయన అభ్యంతరం చెప్పలేదు.

ఇప్పుడు లొకేషన్ ఎప్పుడూ వేసే ఉంటుంది. భీమవరం, కాళ్ళ వైపు తిరిగిన రోజున సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరేసరికి ఛార్జింగ్ మూడోవంతు మిగులుతోంది, బ్యాటరీ మార్చలేదు. మొగల్తూరు దాటి సముద్రం వైపు వెళ్ళిన రోజున మాత్రం ఆ లెక్క పనిచేయదు. అక్కడ దూరపు టవరును అందుకోవడానికి ఫోన్ తన ప్రసార శక్తిని పెంచుకుంటూ వేడెక్కిపోతుంది, దానికి ఏ అనుమతి మార్చినా ఉపయోగం లేదు. ఆ రోజుల్లో చెరువుకూ చెరువుకూ మధ్య ఏరోప్లేన్ మోడ్‌లో పెడుతున్నాను, బండి డిక్కీలో పవర్ బ్యాంకు కూడా ఉంచుకుంటున్నాను. అలా పెట్టినంతసేపూ ఫోన్ చేస్తే దొరకనని రైతుల దగ్గర మాట పడుతున్నాను.