మాట పోయినా పద్యం పోలేదు

పక్షవాతం నిద్రలోనే వచ్చింది. తెల్లారేసరికి కుడి చెయ్యి, కుడి కాలు స్వాధీనంలో లేవు. మాట పడిపోయింది. అంబాజీపేట నుంచి కాకినాడ తీసుకెళ్లారు. మెదడులో ఎడమవైపు రక్తనాళానికి గడ్డ అడ్డుపడిందన్నారు. గడ్డ కరిగించే ఇంజెక్షన్ 4.5 గంటల్లోపు ఇవ్వాలట. నాకు ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు కాబట్టి ఇవ్వలేదు.

కాలు మెల్లగా కూడదీసుకుంది. మాటే రాలేదు. ఎదుటివాళ్లు చెప్పేది అర్థమయ్యేది, నేను ‘నీళ్లు’ అనబోతే ఇంకేదో శబ్దం వచ్చేది. కొబ్బరికాయల బేరాల్లో బతికినవాణ్ణి, నోరే నా పెట్టుబడి. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

ఒక సాయంత్రం మా బావ వచ్చాడు. వయసులో ఉండగా ఏ తీర్థంలో నాటకం ఆడినా ఇద్దరం సైకిళ్లేసుకుని వెళ్లి తెల్లవార్లూ చూసేవాళ్లం. రాయబారం పద్యాలన్నీ మాకు కంఠతా వచ్చు. ఏం మాట్లాడాలో తోచక బావ "జెండాపై కపిరాజు" అని ఎత్తుకున్నాడు. "ముందు సితవాజి శ్రేణియుం గూర్చి" అంటూ నా గొంతు అందుకుంది! రాగంతో సహా చివరిదాకా వచ్చేసింది. ‘ఇంకోటి ఎత్తు బావా’ అనాలనుకున్నాను. ఆ మాట మాత్రం రాలేదు.

స్పీచ్ థెరపీ చేసే అమ్మాయి ఈ సంగతి విని, "ఇలా చాలామందికి అవుతుందండి" అంది. సొంతంగా మాట కూర్చుకోవడం ఎక్కువమందిలో ఎడమ మెదడు పనట. కంఠస్థమైనవాటికి, రాగంతో పాడేవాటికి కుడివైపు నుంచి కూడా సాయం అందుతుందట. ఆ దారే పట్టించింది. ఎడమచేత్తో తాళం వేస్తూ "నీళ్లు కావాలి" అని పద్యంలా సాగదీయించేది. తర్వాత రోజురోజుకీ రాగం తగ్గించి మాటను నిలబెట్టడం. నెలల తరబడి చేశాం.

ఆ పద్యం రాసిన తిరుపతి వేంకట కవులు మా గోదావరివాళ్లే. తిరుపతిశాస్త్రిగారిది భీమవరం దగ్గర యండగండి, వేంకటశాస్త్రిగారిది కడియం. వన్స్‌మోర్లు కొడుతూ సరదాకి నేర్చుకున్న పద్యం ముసలితనంలో నాకు మాట ఇప్పిస్తుందని ఎవరనుకుంటారు?

పేర్ల దగ్గర ఇప్పటికీ తడబడతాను. ఈ మధ్య పోతనగారి గజేంద్రమోక్షం మొదలుపెట్టాను. కుర్రతనంలో మాకు కృష్ణుడి బెదిరింపే కావాలి, ఏనుగు మొర వినే ఓపికెక్కడిది? ఇప్పుడు "లా వొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె" అంటుంటే నా ఒంటి సంగతే ఎవరో చెబుతున్నట్టుంది. ఒక్కో పాదం ఎక్కడానికి రోజులు పడుతున్నాయి. పోనీ, తొందరేముంది? సాయంత్రం బావ వస్తే అప్పచెబుతాను.