ఎపిజెనెటిక్ టెస్టుకి కట్టిన పద్నాలుగున్నర వేలు

నిన్న డాక్టరు దగ్గర్నుంచి వచ్చినప్పటి నుంచీ ఒళ్లు మండిపోతోంది.

డిప్రెషన్‌కి ఏడు నెలలుగా మందులు వాడుతున్నాను. మొదట్లో నోరెండిపోవడం, మూడో వారానికి కాస్త నిద్ర పట్టడం మామూలే. చిక్కంతా ఇంట్లోనే. "మనసు గట్టిచేసుకోవాలి గానీ మాత్రలేంటమ్మాయ్" అని అత్తయ్య. ఆడపడుచైతే వంటింట్లోంచి నాకు వినపడేలాగే "ఎర్రగడ్డ" అనేసింది. షుగరుకి అంకె ఉంది, బీపీకి అంకె ఉంది. నా జబ్బుకే లేదు.

ఈలోగా రక్తపరీక్షలో హెచ్‌ఎస్ సీఆర్‌పీ 4.6 వచ్చింది. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (లోలోపలి వాపు) ఉంటే కాలేయం ఎక్కువగా తయారుచేసే ప్రొటీన్ అది. 3 దాటితే ఎక్కువన్నట్టు. డిప్రెషన్ ఉన్నవాళ్లలో సుమారు నాలుగో వంతు మందికి 3 దాటుతుందట. అంకె దొరికింది! ఆ కాగితాన్ని ఫ్రిజ్‌కి అంటించాను. అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివింది.

అక్కడితో ఆగాల్సింది. ఒక కంపెనీ అమ్మాయి ఫోన్ చేసి తియ్యగా చెప్పింది: "సీఆర్‌పీ జలుబు చేసినా పెరుగుతుంది మేడమ్. డీఎన్‌ఏ మీద గుర్తులు అంత తొందరగా మారవు." అందులో సగం నిజం ఉండటమే నా కొంప ముంచింది. డీఎన్‌ఏ అక్షరాలు మారకుండానే, వాటిలో ఒకటైన సైటోసిన్ మీద మిథైల్ గుంపు అనే చిన్న రసాయన గుర్తు చేరితే (మిథైలేషన్) జన్యువు పనితీరు మారొచ్చని, ఇలాంటి మార్పుల్నే ఎపిజెనెటిక్ అంటారని ఇరవై రెండేళ్లుగా బోటనీ చెబుతున్న నాకు తెలియదా? నా దగ్గర చదివినవాళ్లలో డాక్టర్లే పదిహేడు మంది.

టెస్టుకి పద్నాలుగున్నర వేలు కట్టేశాను. అరగంట ఏమీ తినకుండా, గొట్టంలో గీత దాకా ఉమ్మాను. ఐదు వారాలకి ముప్ఫై రెండు పేజీల రంగుల రిపోర్టు వచ్చింది. "మీ ఇన్‌ఫ్లమేషన్ వయసు 58." నాకు 46. తొమ్మిదో పేజీలో వాళ్ల క్యాప్సూల్సే, నెలకి 3,200.

దాన్ని గొప్పగా సైకియాట్రిస్టు ముందు పెట్టాను. ఆయన పెన్ను మొనని "లాలాజలం" అన్న మాట మీద ఆనించి, "ఇందులో బుగ్గ కణాలెన్ని, తెల్లరక్తకణాలెన్ని? ఒక్కో రకానికి ఒక్కో మిథైలేషన్ ఉంటుంది. ఆ పాళ్లు మారితే ఈ అంకే మారిపోతుంది. వేలమంది సగటులో కనపడే తేడా ఒక్క మనిషికి పరీక్ష కాదు. మీరు బోటనీ లెక్చరర్ కదా?" అన్నారు. పక్కన జూనియర్ డాక్టరు తలవంచుకుని నవ్వాపుకుంది. 2014 బ్యాచ్, నా స్టూడెంటే.

సీఆర్‌పీ కూడా డిప్రెషన్‌కి రుజువు కాదట. బరువు పెరిగినా, పంట్లో చీమున్నా పెరుగుతుందట. 2013లో అమెరికాలోని ఎమరీ యూనివర్సిటీ వాళ్లు, మందులకి లొంగని డిప్రెషన్ ఉన్న 60 మంది మీద ఇన్‌ఫ్లిక్సిమాబ్ అనే ఇన్‌ఫ్లమేషన్ మందుని పరీక్షించారు. మొత్తమ్మీద ఉత్తుత్తి మందు కంటే మెరుగేమీ కనపడలేదు. సీఆర్‌పీ 5 దాటినవాళ్లలోనే కొంత లాభం కనిపించింది. నాది 4.6, ఆ లెక్కలోకీ రాను.

కంపెనీ డబ్బు వెనక్కివ్వనంది. తియ్యగా "మేడమ్" అనే ఫోన్లు ఎత్తకండి. కొనాలనే అనిపిస్తే ఏ కణాలు కొలుస్తారో ముందడగండి. మాత్రలు మాత్రం ఆపకండి. రాత్రి రెండింటికి మాట్లాడాలనిపిస్తే 14416 టెలీ మానస్ ఉంది, డబ్బులడగరు.

ఫ్రిజ్ మీది కాగితం తీయలేదు. "వాపు తగ్గుతుందమ్మాయ్" అంటూ అత్తయ్య రోజూ పసుపు పాలు తెచ్చిస్తోంది. ఆ అంకె దేనికీ రుజువు కాదని ఆవిడకి ఇంకా చెప్పలేదు. నిన్న రాత్రి కూడా తాగేశాను.