పాత పేటెంట్ మందు సీసా: పేరు కన్నా ముందు అడుగు చూడండి

పేటెంట్ మందు అంటే లోపల ఏముందో చెప్పకుండా, పేరు మీద అమ్మిన రెడీమేడ్ మందు. దాని పాత సీసా చేతికి రాగానే ఎవరైనా దాని మీద ఉబ్బెత్తుగా ఉన్న పేరే చదువుతారు. ముందు తిరగేసి అడుగు చూడటం మంచిది. ఒకే పేరుతో ఒకే మందు యాభై ఏళ్లు అమ్ముడుపోయిన సందర్భాలున్నాయి. ఆ యాభై ఏళ్లలో సీసా చేసే పద్ధతి మాత్రం చాలాసార్లు మారింది. అందుకే వయసు గాజులో దొరుకుతుంది.

ఊదిన సీసాకు మూతి తీర్చేటప్పుడు, అడుగున ఒక కడ్డీ అంటించి పట్టుకునేవారు. పని అయ్యాక విరగ్గొడితే అక్కడ గరుకు వలయం మిగిలేది. వేలితో తడిమితే గీసుకుంటుంది. కొన్నిటికి ఎర్రగానో నల్లగానో ఇనుప మరక ఉంటుంది. దీన్నే పాంటిల్ మచ్చ అంటారు. సీసా ఒంటినే పట్టుకునే పట్టకారు వచ్చాక, అమెరికాలో 1860ల తర్వాత ఈ మచ్చ అరుదైపోయింది.

తర్వాత అచ్చు అతుకు గీతను, అంటే అచ్చు ముక్కలు కలిసిన చోట గాజు మీద పడే గీతను, కింది నుంచి పైకి వేలితో వెంబడించండి. మెడ మీద ఆగిపోయి, పైన మూతి చుట్టూ నున్నగా తిప్పిన జాడ ఉంటే అది చేత్తో తీర్చిన మూతి. విడిగా గాజు ముద్ద అంటించిన మూతైతే, దాని అంచు మెడ మీదికి కారినట్టు కనిపిస్తుంది. ఇది మరింత పాతది. గీత మూతి పైఅంచు దాకా వెళ్లిందంటే యంత్రం చేసిన సీసా. మైఖేల్ ఓవెన్స్ ఆటోమేటిక్ యంత్రం వచ్చింది 1903లో. అసలు గీతే లేకపోతే మహా పాతదని మురిసిపోకండి. అచ్చులో తిప్పుతూ ఊదినా గీత చెరిగిపోతుంది. అలాంటి సీసా మీద ఉబ్బెత్తు అక్షరాలు మాత్రం ఉండవు.

ఇక పేరు. పేటెంట్ అన్న మాట ఇంగ్లండ్ రాజు ఇచ్చే ‘లెటర్స్ పేటెంట్’ అనే అనుమతి పత్రం నుంచి వచ్చింది. టర్లింగ్టన్ బాల్సమ్ అనే మందుకు 1744లో అలాంటి పేటెంటే దక్కింది. అమెరికాలో చాలామంది మందుకు పేటెంట్ తీసుకోనే లేదు, తీసుకుంటే అందులో ఏముందో బయటపెట్టాలి కదా! పేరు, లేబుల్, సీసా ఆకారం కాపాడుకుంటే వాళ్లకు చాలు. దుంగల ఇల్లులా ఉండే డ్రేక్స్ ప్లాంటేషన్ బిట్టర్స్ అనే చేదు మందు సీసా అలాంటిదే. దాచినది ఏమిటంటే, లిడియా పింకమ్ మందులో సుమారు 18 శాతం ఆల్కహాల్, పసిపిల్లలకు పట్టిన మిసెస్ విన్స్‌లో సిరప్‌లో మార్ఫిన్. అమెరికాలో ఆహారం, మందుల మీద వచ్చిన 1906 చట్టంతో ఇలాంటివి లేబుల్ మీద చెప్పక తప్పలేదు. కిల్మర్ స్వాంప్ రూట్ అనే మూత్రపిండాల మందు సీసాల్లో ‘క్యూర్’ (నయం చేసేది) అని ఉన్నవి ముందువి, ‘రెమెడీ’ (ఉత్త మందు) అని ఉన్నవి తర్వాతవి. ఒక్క మాట తేడాలో ఒక చట్టం చరిత్ర ఉంది. నాకు ఈ సేకరణలో అన్నిటికన్నా విలువైనవి ఇలాంటి జంటలే.

బిరడా మీదుగా అతికించిన పన్ను స్టాంపు ముక్క మిగిలి ఉంటే అదృష్టమే. అమెరికాలో ఆ పన్ను 1862 నుంచి 1883 వరకు, మళ్లీ 1898 నుంచి కొన్నేళ్లు ఉంది. స్టాంపు గానీ లేబుల్ గానీ ఉన్న సీసాను నీళ్లలో ముంచకండి. మెత్తని పొడి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు.

లేబుల్ లేనివాటిని గోరువెచ్చని నీళ్లలో కాస్త గిన్నెల సబ్బు వేసి రెండు మూడు రోజులు నాననివ్వండి. సున్నం పొరకు వెనిగర్ ఒక రాత్రి చాలు. మరిగే నీళ్లు పోయకూడదు, మెడ దగ్గరి సన్నని బీట ఒక్కసారిగా పాకుతుంది. ఇసుక వేసి ఊపితే లోపలంతా గీతలే.

ఎంత కడిగినా పోని తెల్లటి మసక మురికి కాదు. ఏళ్ల తరబడి తడి మట్టిలో ఉన్నప్పుడు గాజులోని క్షారం నీటిలోకి కరిగిపోయి, పైపొర పాడవుతుంది. రాగి ముక్కలు, పాలిష్ పొడి వేసి రోజుల తరబడి యంత్రంలో దొర్లిస్తే మెరుపు వస్తుంది, కానీ అక్షరాల అంచులు మొద్దుబారతాయి. అరుదైన సీసాకు ఆ పని వద్దనే అంటాను. కొందరు నూనె రాసి మసక దాచి అమ్ముతారు. సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనిస్తే బండారం బయటపడుతుంది.

రంగు దగ్గరా మోసం ఉంది. గాజుకు రంగు లేకుండా చేయడానికి మాంగనీస్ కలిపిన రోజుల్లోని సీసాలు ఎండకు లేత ఊదా రంగు తిరుగుతాయి. ముదురు వంకాయ రంగులో కనిపిస్తే, రేడియేషన్‌తో మార్చినదేమోనని అనుమానించాలి.

బిరడా ఊడని సీసాలో ద్రవం మిగిలి ఉంటే తెరవకండి, వాసన చూడకండి. నల్లమందు, పాదరసం, ఆర్సెనిక్ ఏదైనా ఉండొచ్చు. చేతి తొడుగులు వేసుకుని, కారకుండా నిటారుగా నిలబెట్టి, పిల్లలకు అందని అరలో పెట్టండి.